చిన్నది చుట్టిన మోటారు

“నిన్న కాదు వదినా, మొన్న. మొన్న పొద్దున ఇంట్లోంచి వెళ్ళిపోయింది.”

“మొన్న పోయిన మనిషి సంగతి నాకు ఇవాళ తెలియాలా? అదీ నువ్వు చెబితే కాదు. నా బస్సెక్కిన పాలాయన చెబితే.”

మోటార్లు బాగుచేసే రేకుల షెడ్డు అది. మెకానిక్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అతని భార్యకు అక్క, బస్సు కండక్టరు, యూనిఫాం విప్పకుండానే వచ్చి గుమ్మంలో నిలబడింది. షెడ్డు వెనకే ఇల్లు. అక్కడ పది నెలల పాప ఏడుపు ఆగి ఆగి వినిపిస్తోంది.

“చెప్పే టైమెక్కడిది. వెతుక్కోవడంతోనే సరిపోయింది.”

“ఎక్కడెక్కడ వెతికావు?”

“అన్ని చోట్లా.”

“అన్ని చోట్లా అంటే?”

“అంటే… ఇక్కడిక్కడే. బావుల దగ్గర కూడా చూశాను.”

“బావుల దగ్గరెందుకు?”

“ఎందుకేంటి వదినా. మనిషి కనపడకపోతే ఎవరైనా ముందు అక్కడే చూస్తారు.”

“మనిషికి ఏదో బాధ ఉందని తెలిస్తే చూస్తారు. చిన్నదానికి ఏం బాధ ఉంది?”

“నాకేం తెలుసు? మీ చెల్లెలు మనసులో మాట బయటపెట్టే రకమా?”

“నా దగ్గర పెట్టేది.”

“అయితే మిమ్మల్నే అడగాలి, ఎక్కడుందో.”

“అడుగు మరిదీ. నేను వచ్చి ఇంతసేపయింది. నా భార్య ఎక్కడుంది వదినా, మీకేమైనా తెలుసా అని ఒక్క ముక్క నీ నోట రాలేదు.”

“రావాలంటే మీరు కూర్చోవాలి కదా. వచ్చిన దగ్గర్నుంచి టికెట్ చూపించమన్నట్టు నిలబెట్టి అడుగుతున్నారు. కూర్చోండి. అమ్మని టీ పెట్టమంటాను.”

“టీ వద్దు. ఆ బేరింగ్ కింద పెట్టి నా వైపు చూడు. నా బస్సులో టికెట్ తీసుకోనివాడు కూడా ఇలాగే చేతిలో ఏదో ఒకటి తిప్పుతూ కూర్చుంటాడు.”

“పెట్టాను. చెప్పండి.”

“చెప్పాల్సింది నువ్వు. ఎలా వెళ్ళింది?”

“పాపకి పాలిచ్చింది. పడుకోబెట్టింది. కాసేపు చూస్తూ ఉండండి అత్తయ్యా అని మా అమ్మతో అంది. చెప్పులు వేసుకుంది, వెళ్ళింది. అంతే.”

“బట్టలు?”

“అన్నీ ఉన్నాయి.”

“ఫోను?”

“గూట్లోనే ఉంది. అంతా చూశాను.”

“ఫోనంతా చూశావు.”

“చూడాలి కదా. ఎవరితో మాట్లాడిందో తెలియాలి కదా.”

“ఎవరితో మాట్లాడింది?”

“మీతోనే ఎక్కువ.”

“ఇంకా?”

“ఇంకా… మోటార్లు ఇచ్చినవాళ్ళతో. కానీ నాకు తెలుసు వదినా. పాలు తాగే బిడ్డని వదిలేసి ఆడది గుమ్మం దాటిందంటే వెనక ఎవరో ఒకరు ఉండాలి.”

“ఎవరు?”

“నేను చెప్పను. మీరు బాధపడతారు.”

“బాధ పొద్దున్నే పడ్డాను, బస్సు నిండా జనం ముందు. పూలతోట ఆయనటగా?”

“నేను ఆ మాట అనలేదు.”

“అనలేదు. ‘రెండు రోజులుగా ఆయన కూడా ఊళ్ళో లేడు, ఏమిటో మరి’ అన్నావట.”

“లేడు కదా మరి. ఉన్న మాటే అన్నాను.”

“ఆయన భార్య ఆస్పత్రిలో పడి ఉంటే ఆయన ఊళ్ళో ఎందుకుంటాడు మరిదీ? పోలీసులకి చెప్పావా?”

“పరువు పోతుందని చెప్పలేదు.”

“పరువు కోసం పోలీసులకి చెప్పలేదు. పాలాయనకి మాత్రం చెప్పావు.”

“నోరు జారింది. రెండు రోజులుగా నిద్ర లేదు. ఎవరో ఒకరితో అనాలనిపించింది, అన్నాను. మీరిలా మాట మాటకీ పట్టుకుంటే నేనేం చెప్పలేను.”

“సరే, పట్టుకోను. పూలతోట ఆవిడకి ఏమైందో చెప్పు.”

“మీకు తెలిసే ఉంటుంది.”

“నువ్వు చెప్పు, వింటాను.”

“కరెంటు కొట్టింది. వాళ్ళ బోరు మోటారు కాలిపోతే ఇక్కడికి తెచ్చారు. బాగుచేసి సోమవారం బోరులోకి దింపాము. బుధవారం పొద్దున ఆవిడ నీళ్ళు పట్టుకోడానికి వెళ్ళి పైపు మీద చెయ్యి వేసింది. ఎగిరి గట్టు మీద పడింది. కుడి చెయ్యి కాలిందన్నారు. బతికింది, అదృష్టం.”

“ఆ మోటారు ఎవరు బాగుచేశారు?”

“మీ చెల్లెలు. లోపల తీగ చుట్టిన వైండింగ్ దానిది, కరెంటు వైరు కలిపి టేపు చుట్టిన జాయింట్ దానిది. అంతా దానిదే.”

“ఇందాకటి నుంచి నీ నోట తిన్నగా వచ్చిన జవాబు ఇదొక్కటే.”

“ఉన్నది చెబితే కూడా తప్పేనా? తప్పు చేసింది, భయపడింది, పోయింది. అంతకంటే ఏముంది?”

“ఇందాక వెనక ఎవరో మగాడున్నాడు అన్నావు. ఇప్పుడు భయపడి పోయిందంటున్నావు. రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకో. పోనీ, బుధవారం ఏం జరిగింది ఇక్కడ?”

“ఏం జరుగుతుంది? మోటారు పైకి తీసి తెచ్చి పడేశారు. పదిమంది వచ్చారు. అరిచారు. వాళ్ళ బాధ వాళ్ళది.”

“నువ్వేమన్నావు?”

“గుర్తులేదు.”

“గుర్తు చేసుకో.”

“ఆడవాళ్ళ చేతికి పని ఇస్తే ఇలాగే ఉంటుంది, నేను ముందునుంచీ వద్దంటూనే ఉన్నాను, మీరే కదా అమ్మాయి చేత చేయించమన్నారు, అన్నాను.”

“అందరి ముందూ.”

“అందరూ నన్నే చూస్తున్నారు వదినా. ఏదో ఒకటి అనాలి.”

“చిన్నది ఎక్కడుంది అప్పుడు?”

“ఆ తలుపు దగ్గర. పాపని ఎత్తుకుని.”

“ఏమంది?”

“ఏమీ అనలేదు. అది ఏమీ అనదు. అదే దానితో వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టదు, పొగిడితే మురిసిపోదు. మనమేదో చిన్నపిల్లాడిలా కాళ్ళు నేలకేసి కొట్టుకుంటున్నట్టు, తను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది.”

“పొగిడావా ఎప్పుడైనా?”

“ఎందుకు పొగడను. మొదట్లో నేనే కదా నేర్పింది. కడుపుతో ఉన్నప్పుడు ఊరికే కూర్చోలేక ఇక్కడికి వచ్చి కూర్చునేది. కాగితం ముక్కలు కత్తిరించి ఇమ్మన్నాను. ఇచ్చింది. తీగ పట్టుకోమన్నాను. పట్టుకుంది. ఒకరోజు నేను తిని వచ్చేసరికి ఒక కాయిల్ చుట్టి పెట్టింది. లెక్కపెట్టాను. ఒక్క చుట్టు తేడా లేదు. ఎలా చేశావే అంటే, మీరు చుడుతుంటే విన్నాను అంది. విన్నదట. చుట్లు వినపడతాయా ఎవరికైనా?”

“దానికి వినపడతాయి. చిన్నప్పుడు పక్కింట్లో కుట్టు మిషను ఆడుతుంటే, అక్కా దారం తెగబోతోంది అనేది.”

“నేను పన్నెండేళ్ళప్పుడు చేరాను ఈ పనికి. తీగ కోసుకుని కోసుకుని వేళ్ళు ఇలా అయ్యాయి, చూడండి. చుట్టేటప్పుడు ఇప్పటికీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటాను. ఎవరైనా పలకరిస్తే పోయినట్టే, మళ్ళీ మొదటినుంచి. అది పాపకి పాలిస్తూ, మా అమ్మతో కబుర్లు చెబుతూ చుడుతుంది.”

“అయితే సంతోషించాలి కదా.”

“సంతోషించాను. కొన్నాళ్ళు సంతోషించాను. తర్వాత గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడూ నా తల మీదుగా లోపలికి చూడడం మొదలుపెట్టాడు. అమ్మాయి ఉందా? అమ్మాయి లేదా? అయితే మళ్ళీ వస్తాంలే. నేనిక్కడ బొమ్మలా కూర్చుని ఉన్నాను వదినా. బోర్డు మీద పేరు నాది. నన్నే అడుగుతారు, అమ్మాయి ఉందా అని.”

“పూలతోట ఆయన కూడా అలాగే అడిగాడా?”

“ఆయనే ఎక్కువ. ‘మీరు చేస్తే ఆరు నెలల్లో మళ్ళీ వస్తోందండీ, అమ్మాయి చేస్తే రావడం లేదు’ అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నా మొహం మీదే ఉన్నట్టుంది, కడుక్కున్నా పోవడం లేదు.”

“అందుకని వాళ్ళిద్దరికీ ముడిపెట్టావు.”

“నాకేమో అలాగే అనిపించింది. ఒక మనిషి పని గురించి ఒక మగాడు అంత ఇదిగా ఎందుకు మాట్లాడతాడు?”

“పని బాగుంటే మాట్లాడతాడు.”

“మీకు తెలియదు వదినా. పోయిన నెల మేస్త్రీ వచ్చాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ. ముసలాయన, కళ్ళు సరిగా కనపడవు. బల్ల మీద రెండు మోటార్లున్నాయి. ఒకటి నాది, ఒకటి దానిది. ఆయన చేత్తో తడిమాడు. నా దాని మీద చెయ్యి ఆగలేదు, అలా జారిపోయింది. రెండోదాని మీద ఆగింది. అంచులు తడిమాడు, ముడులు తడిమాడు, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఎవరు చుట్టారురా ఇది అన్నాడు.”

“ఏం చెప్పావు మరిదీ?”

“నేనే అన్నాను.”

“నువ్వే అన్నావు.”

“నోట్లోంచి వచ్చేసింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళు పనిచేశాను, వీపు మీద తప్ప ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. తల మీద పెట్టాడు. అది పక్కనే ఉంది వదినా. విన్నది. నేను నేనే అనడం విన్నది.”

“ఏమంది?”

“ఆయనకి టీ తెచ్చి ఇచ్చింది. చల్లారిపోతుంది తాగండి అంది. ఆయన వెళ్ళాక నాతో ఒక్క మాట అనలేదు. నన్ను కొట్టినా బాగుండేది. ఎందుకలా చెప్పావని అడిగినా బాగుండేది. ఏమీ అడక్కుండా వెళ్ళి పాప బట్టలు ఉతుక్కుంది. ఆ రోజు నుంచీ అది తీగ పట్టుకుంటే ఆ చేతులు చూడలేక బయటికి వెళ్ళిపోయేవాణ్ణి.”

“అసూయ అంటారు దాన్ని.”

“అది నా భార్య. భార్యని చూసి అసూయేంటి?”

“అది నా చెల్లెలు. నాకు లేదనుకున్నావా? చిన్నప్పుడు ఇద్దరం ఒకే గుడ్డ కుడితే అందరూ దాని కుట్టే చూసేవారు. ఒకసారి దాని కుట్లు నేనే విప్పేశాను, అది నిద్రపోతుంటే. పొద్దున లేచి చూసుకుంది, నా వైపు చూసింది, మళ్ళీ కుట్టుకుంది. అమ్మకి చెప్పలేదు. ఇరవై ఏళ్ళయింది, ఆ చూపు ఇంకా నన్ను వదల్లేదు. అందుకే అడుగుతున్నాను. బుధవారం నీ వైపు అలా చూసిందా?”

“నాకు గుర్తులేదు.”

“చూసిందా?”

“వదినా, పాప ఏడుస్తోంది. అమ్మ ఒక్కతే…”

ఇంటి వైపు తలుపు తోసుకుని మెకానిక్ తల్లి వచ్చింది. చంకలో పాప, ఇంకో చేతిలో పాలసీసా.

“ఒరేయ్, ఇది సీసా పట్టడం లేదురా. అదిగో, పెద్దమ్మ వచ్చిందే. ఎప్పుడొచ్చావమ్మా? తెలిసిందా ఏమైనా?”

“ఇలా ఇవ్వండి అత్తయ్యా, నేనెత్తుకుంటాను. రా తల్లీ. ఎంత చిక్కిపోయిందో చూడండి.”

“చిక్కిపోదూ? రెండు రోజులుగా రబ్బరు చూస్తే మొహం తిప్పేస్తోంది. చెంచాతో పోస్తుంటే సగం మెడ మీదే. నా కళ్ళజోడు కూడా కనపడక చస్తున్నాను, పాలు వేడెక్కాయో పొంగాయో తెలియదు. ఒరేయ్, ఆ బల్ల కింద చూడు, ఇక్కడే పెట్టుంటుంది.”

“నీ కళ్ళజోడు షెడ్డులో ఎందుకుంటుందమ్మా?”

“మీ ఆవిడ తీసుకుంది కదరా. బుధవారం సాయంత్రం. నువ్వు వాళ్ళ వెంట తోటకి వెళ్ళావు చూడు, అప్పుడు. అత్తయ్యా ఒకసారి మీ కళ్ళజోడు ఇవ్వండి అంది. ఈ వయసులో నీకెందుకే అంటే, చిన్నదేదో చూడాలి అంది.”

“ఏం చూసింది అత్తయ్యా?”

“ఏముంది, నల్ల టేపు. మోటారు వైరు మీద చుట్టుంటుంది కదా, అది ఊడదీసి, దీపం కింద పెట్టుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని అలా చూస్తూ కూర్చుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. లోపల ఒక పొర, పైన ఒక పొర. పాప ఏడుస్తున్నా లేవలేదు. ఎప్పుడూ అలా చెయ్యదు.”

“అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు.”

“ఉండరా, వదిన అడుగుతోంది కదా. తర్వాత లేచి వచ్చి ఆ టేపంతా పొయ్యిలో పడేసింది. ఏం కంపు, ఏం కంపు. ఇల్లంతా పొగ. చెత్తబుట్టలో వెయ్యొచ్చు కదే అంటే, వద్దు అత్తయ్యా, ఇది కాలిపోవాలి అంది. ఆనక నా కాళ్ళ దగ్గర కూర్చుని, మీ అబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడు అని అడిగింది.”

“ఏం చెప్పారు?”

“ఉన్నదే చెప్పాను. పక్కవాడి చేతిలో బొమ్మ బాగుంటే విరిచేసి, తర్వాత వాడికంటే ఎక్కువ ఏడిచేవాడు అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఏరా, అలా చూస్తావేం? దొరికిందా నా కళ్ళజోడు?”

“లేదు. వెళ్ళమ్మా. దొరికితే తెస్తాను.”

“సీసా ఇలా తే. ఇంకోసారి కడిగి తెస్తాను. పెద్దమ్మ చేతిలోనైనా తాగుతుందేమో.”

ఆమె వెళ్ళిపోయింది. తలుపు కాసేపు ఊగి ఆగింది.

“లోపల ఒక పొర, పైన ఒక పొర. రెండు పొరలు ఎందుకుంటాయి మరిదీ?”

“నీళ్ళలో ఉంటుంది కదా. గట్టిగా ఉండాలని రెండుసార్లు చుడతారు.”

“ఎవరు చుడతారు?”

“ఎవరైనా.”

“జాయింట్ చిన్నది కట్టింది అన్నావు. మోటారుని తోటకి తీసుకెళ్ళి దింపింది ఎవరు?”

“నేనే. పాపతో అదెలా వస్తుంది?”

“నీతో ఎవరున్నారు?”

“దింపేటప్పుడు వాళ్ళ మనుషులు ఉన్నారు.”

“దింపకముందు?”

“వదినా, మీరు పోలీసా, కండక్టరా?”

“నేను దాని అక్కని. సరే, నేను అడగను. నేనొకటి దాచాను, అది చెబుతాను. చెప్పనని మాటిచ్చాను, అయినా చెబుతాను. చిన్నది ఎక్కడుందో నాకు తెలుసు.”

“ఎక్కడ?”

“ఇప్పటికి అడిగావు.”

“ఎక్కడుంది వదినా? ఎలా ఉంది?”

“ఆస్పత్రిలో ఉంది. కంగారుపడకు, దానికేం దెబ్బ తగల్లేదు. పూలతోట ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉంది. ఆవిడకి కుడి చెయ్యి కట్టు కట్టారు. తినిపిస్తోంది, తల దువ్వుతోంది, పక్క మారుస్తోంది. ఇవాళ పొద్దున నర్సు ఫోను అడిగి నాకు చేసింది. డ్యూటీ మధ్యలో దిగి వెళ్ళి చూసి వస్తున్నాను.”

“ఒంట్లో బాగుందా?”

“పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. నర్సు పిండి పారబోస్తోంది. ఇక్కడ బిడ్డకి పాలు లేవు, అక్కడ పాలు మోరీలో పోతున్నాయి.”

“పాపని తీసుకుని వెళ్ళొచ్చు కదా. లేకపోతే మీరు తీసుకురావచ్చు కదా.”

“రమ్మన్నాను. ఆస్పత్రి ఉన్న ఊరు దాటకూడదన్నారట దాన్ని.”

“ఎవరు?”

“పోలీసులు. మొన్న పొద్దున ఈ గుమ్మం దాటి తిన్నగా స్టేషన్‌కి వెళ్ళింది. వాళ్ళు నిన్ను వెతుక్కుంటూ ఇక్కడికి రాకముందే. మోటారు నేనే చుట్టాను, జాయింట్ నేనే కట్టాను, ఆవిడకి కరెంటు కొట్టింది నా తప్పు వల్లే, మా ఆయనకి ఏ సంబంధం లేదు అని చెప్పింది. లోపల పెడతారేమో, బిడ్డని కూడా పెడతారేమో అని పాపని ఇక్కడ వదిలింది. ఎవడితోనో పోవడానికి కాదు.”

“నేను… నాకు తెలియదు వదినా.”

“నాకూ తెలియలేదు. ఎందుకే ఇలా చేశావు అంటే ఏమందో విను. ‘ఆయన ఇరవై ఏళ్ళ పనివాడు అక్కా. ఆయన దింపిన జాయింట్ ఊడిందంటే పొరపాటని ఎవరూ అనుకోరు. నాదైతే, ఆడది, నిన్నగాక మొన్న నేర్చుకుంది, తెలియక చేసిందిలే అంటారు. తెలియక చేస్తే మందలించి వదిలేస్తారు’ అంది. అప్పుడు నాకు తలా తోకా తెలియలేదు. ఇందాక మీ అమ్మ పొయ్యిలో కంపు గురించి చెప్పేదాకా తెలియలేదు.”

“రాసిచ్చిందా?”

“రాసిచ్చింది.”

“ఏమని రాసింది? దాని మాటల్లోనే చెప్పండి.”

“‘నాకు ఈ పని సరిగా రాదు. ఇంట్లో వద్దన్నా వినకుండా చేశాను.’ కింద సంతకం.”

“పని రాదనా?”

“పని రాదని. ఎందుకలా చూస్తావు? నీకు కావలసింది అదేగా. ఇక నీ గుమ్మంలోకి వచ్చి అమ్మాయి ఉందా అని ఎవడూ అడగడు. మూడు ఊళ్ళకి తెలిసిపోతుంది, నాకు పని రాదు అని అదే సంతకం పెట్టిందని.”

“వాళ్ళు నమ్మారా?”

“ఎందుకు నమ్మరు? కరెంటు ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడట. తల ఊపాడట. ఆడవాళ్ళ చేత మోటార్లు చేయిస్తే ఇంతే అన్నాడట. అచ్చం నువ్వన్న మాటే.”

“మోటారు చూశాడా ఆయన?”

“మోటారు నీ బల్ల మీదే ఉంది కదా, ఎలా చూస్తాడు?”

“చూడకుండా ఎలా అంటాడు? చూడకుండా ఎలా అంటాడు వదినా? పని రాదా? దానికా? ఇలా రండి. పాపని ఆ చేతికి మార్చుకుని ఇటు రండి. ఇక్కడ చెయ్యి పెట్టండి. ఊరికే వేళ్ళతో తడమండి. ఏమైనా తగులుతోందా?”

“లేదు. నున్నగా ఉంది.”

“నున్నగా ఉంది కదా? ఇందులో ఎన్ని వందల చుట్లున్నాయో తెలుసా? ఒక్క తీగ ఇంకో తీగ మీద ఎక్కలేదు. ఈ ముడులు చూడండి, ఒకదానికొకటి ఎంత దూరం ఉన్నాయో. కొలబద్ద పెట్టినట్టు లేవూ? ఈ మూల చూడండి. ఇక్కడ ప్రతివాడికీ తీగ ఉబ్బుతుంది. మేస్త్రీకి ఉబ్బుతుంది. నాకైతే సుత్తితో కొట్టి అణచాలి. దీనికి ఉబ్బలేదు. నీళ్ళలో రెండు రోజులుండి, కరెంటు తిరగబడి, పైకి లాగి నేల మీద విసిరేస్తే కూడా చెక్కు చెదరలేదు. ఇప్పుడు జాయింట్ కట్టి దింపితే ఇప్పుడే నీళ్ళు పోస్తుంది. ఇరవై ఏళ్ళలో నేనొక్కటి ఇలా చుట్టలేదు. ఒక్కటి. దీన్ని చూసినవాడు ఎవడైనా పని రాదంటాడా?”

“నాకు చెప్పి ఏం లాభం?”

“మీ బస్సు మళ్ళీ ఎన్నింటికి?”

“ఇంకో అరగంటలో. ఎందుకు?”

“దీన్ని పైకెక్కించడానికి ఒక చెయ్యి వెయ్యమని డ్రైవరుకి చెప్పండి. బరువుంటుంది. ఆ ఇంజనీరు ముందు పెడతాను. మేస్త్రీ ఇల్లు దారిలోనే, ఆయన్ని కూడా ఎక్కించుకుంటాను.”

“మేస్త్రీ ఎందుకు?”

“చెప్పాలి. ఇది నేను చుట్టింది కాదని చెప్పాలి.”

“ఆగు. చొక్కా తర్వాత వేసుకుందువుగాని, ముందు నా మాట విను. అక్కడికి వెళ్తే వైండింగ్ గురించి ఎవరూ అడగరు. మరి కరెంటు ఎలా కొట్టింది, జాయింట్ ఎందుకు ఊడింది అని అడుగుతారు. నువ్వు నోరు మూసుకుని ఇక్కడే కూర్చుంటే నీకేం కాదు. టేపు కాలిపోయింది. కాగితం మీద సంతకం దానిది. అది కోరుకుందీ అదే. పాపకి తండ్రి ఇంట్లో ఉంటాడని.”

“కూర్చుంటే అది దాని చేతి మీద ఉండిపోతుంది.”

“ఉండిపోతే నీకేం? నువ్వు ఎక్కువ, అది తక్కువ అని కాగితం మీద కూడా ఉంటుంది.”

“అది అబద్ధం వదినా.”

“అబద్ధమైతే నిజమేంటో చెప్పు. అక్కడ చెప్పబోయేది ముందు నాకు చెప్పు. దాని బిడ్డ నా చంకలో ఉంది, దీని ముందు చెప్పు. జాయింట్ కట్టడం దానికి రాదా?”

“వచ్చు. దానికి అన్నీ వచ్చు. రాని పని ఒక్కటే వదినా. అది కట్టిన జాయింట్ కోసి, పైన ఇంకో టేపు చుట్టి, ఏమీ ఎరగనట్టు నీళ్ళలోకి దింపడం. అది నేను చేశాను.”